ఫైనల్ ఇయర్ గేమ్ ప్రాజెక్టు ఎంచుకునే ముందు

గత ఏప్రిల్‌లో హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో వైవాకు కూర్చున్నాను. నలుగురు విద్యార్థులు ఓరుగల్లు కోటను మొత్తంగా త్రీడీలో కట్టి, గుర్రాలపై తిరుగుతూ పది మంది ఒకేసారి ఆడుకొనే మల్టీప్లేయర్ గేమ్ చేస్తామని ఆగస్టులో అబ్‌స్ట్రాక్ట్ (ప్రాజెక్టు సారాంశం) ఇచ్చారు. వైవా రోజున తెరపై కనిపించినవి ఒక కీర్తితోరణం, దాని స్తంభంలో నడుము దాకా ఇరుక్కుపోయి కాళ్లాడిస్తున్న ఒక గుర్రం. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా, వచ్చిన పెద్దాయన చాలాసేపు చూసి, "మరి ఇందుల ఆట ఏది బిడ్డా?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు.

మళ్లీ అబ్‌స్ట్రాక్టుల కాలం వచ్చింది. రిపోర్టు ఫార్మాటు, హాజరు వంటివి మీ గైడ్ చెబుతారు కనుక వాటిని వదిలేస్తున్నాను. నేను చెప్పదలచినది ఒక్కటే: మీరు ఆడే ఆటను చూసి ప్రాజెక్టు ఎంచుకోవద్దు. రాత్రంతా ఫోనులో ఆడే ఆ షూటింగ్ గేమ్ వెనుక వందల మంది ఏళ్ల తరబడి చేసిన పని ఉంటుంది. మల్టీప్లేయర్ అనగానే రెండు యంత్రాల్లో ఒకే క్షణంలో ఒకే స్థితి ఉండాలి. నెట్‌వర్క్ కాస్త ఆలస్యమైనా గోడ వెనుక దాక్కున్నవాడికి గుండు తగులుతుంది. ఆ ఒక్క చిక్కు విప్పడానికే మీ సెమిస్టర్ చాలదు.

చిన్నది ఎంచుకుంటే మార్కులు తగ్గుతాయన్న భయం అనవసరం. పులిజూదమే తీసుకోండి. 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. బోర్డు గీయడం ఒక పూట పని. కానీ పులుల తరఫున కంప్యూటర్ ఆడాలంటే ఇద్దరి ఎత్తులనూ ముందే లెక్కించి మంచిది ఎంచే మినిమాక్స్ పద్ధతి రాయాలి, ఆల్ఫా-బీటా అనే కిటుకుతో ఆ లెక్కలో అక్కరలేని కొమ్మలు కత్తిరించాలి, ఎన్ని ఎత్తులు ముందుకు ఆలోచిస్తే ఎంత సమయం పడుతున్నదో కొలిచి గ్రాఫు గీయాలి. రిపోర్టుకు కావలసిన అధ్యాయాలన్నీ అందులోనే ఉన్నాయి.

గేమ్ ఇంజిన్ (ఆటను తయారుచేసే సాఫ్ట్‌వేర్) విషయంలో ఎక్కువ వాదించుకోవద్దు. యూనిటీ అనే ఇంజిన్ కంపెనీ 2023 సెప్టెంబరులో ఇన్‌స్టలేషన్ల లెక్కన రుసుము ప్రకటించి, ఏడాదికి రద్దు చేసుకుంది. ఆ గొడవకూ మీ ప్రాజెక్టుకూ సంబంధం లేకపోయినా దానిపై నెల రోజులు తర్కించుకొన్న బ్యాచ్‌ను నేను చూశాను. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాబ్ యంత్రాల మీద అన్‌రియల్ ఇంజిన్ నడుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. గోడో అనే ఇంజిన్ ఉచితం, తేలిక. అయితే 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో స్క్రిప్టు (కోడ్ రాసే భాష) చాలా మారింది కాబట్టి పాత పాఠాలు చూసి రాస్తే అడుగడుగునా ఎర్రర్లే.

సద్దుల బతుకమ్మకు ఇంటికి వెళ్లేలోగా, బొమ్మలేవీ లేకుండా చతురస్రాలు, వృత్తాలతోనైనా సరే, ఆట మొదలై గెలుపో ఓటమో తేలి ముగియాలి. హాస్టల్‌లో పక్క గది వారికి ఇచ్చి, మీరు నోరు విప్పకుండా ఆడించి చూడండి. ముగియకపోతే ఆటను ఇంకా చిన్నది చేయండి, గడువును పెంచుకోవద్దు. మళ్లీ చెబుతున్నాను, ఆడే ఆట వేరు, ముగించగల ఆట వేరు.

నలుగురూ ఒకే వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకోండి. కోడ్ ఒక్కరి లాప్‌టాప్‌లోనే ఉండకూడదు. కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును మామూలుగా తీసుకోదు. ఆ సంగతి చివరి రాత్రి తెలుసుకోవద్దు. ప్లే స్టోర్‌లో పెడతామని అబ్‌స్ట్రాక్టులో రాయవద్దు. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతాకు, ఆటను విడుదల చేసే ముందు, 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు ఉండాలి. రెడీమేడ్ ప్రాజెక్టు కొనవద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కోట కట్టవద్దు. గుర్రం అసలే వద్దు. ఆడుతున్నప్పటి వీడియో ఒకటి రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. వైవాకు ముందు రోజు ఇంజిన్‌ను అప్‌డేట్ చేయవద్దు.