రైలు లేటు, ఇంటికి రన్నర్, నాకేమో డైటు

చుట్టాలు వెళ్లాక డైట్ మొదలుపెడదామని అనుకోవద్దు. మా ఇంటికి చుట్టాలు రాని నెల లేదు, అలా ఆగితే సంక్రాంతి పోయి ఉగాది వస్తుంది. ఈసారి వచ్చేది మా తమ్ముడి కూతురు. 800 మీటర్లు పరిగెత్తుతుంది. ట్రైనింగ్ ఉత్తరాదిన, పోటీ మాత్రం మన హనుమకొండ జేఎన్ స్టేడియంలో. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన ట్రాక్ అదే. జనవరి పొగమంచులో ఢిల్లీ వైపు రైళ్ల సంగతి తెలిసిందే కదా, పొద్దున కాజీపేటలో దిగాల్సిన పిల్ల ఏ అర్ధరాత్రో దిగుతుంది. తగ్గాల్సింది నేను, బాగా తినాల్సింది తను, వంటిల్లు మాత్రం ఒక్కటే.

ముందు మీ లెక్క తేల్చుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఎక్కువగా కూర్చునే పనిచేసే 55 కిలోల ఆడవాళ్లకు రోజుకు 1660 కేలరీలు, 65 కిలోల మగవాళ్లకు 2110 కావాలి. నేను బ్యాంకు కౌంటర్లో కూర్చునే మనిషిని, మొదటి లెక్క నాకు సరిపోతుంది. దాంట్లోంచి ఒక్కసారే 500 కోసేయమనే సలహా నాకు నచ్చదు. రాత్రి నిద్ర చెడే వారంలో అసలే వద్దు, 300 తగ్గిస్తే చాలు. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఆ 300 అన్నంలో కంటే నూనెలో సులువుగా దొరుకుతాయి. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు, టేబుల్ స్పూన్ నూనెకు సుమారు 120. పోపులో చెయ్యి జారితే ఒక చిన్న గిన్నెడు అన్నం తిన్నంత లెక్క. ఇంటిల్లిపాదికీ రోజుకు ఎంత నూనె వాడాలో పొద్దున్నే గిన్నెలో పోసి పక్కన పెట్టుకోండి. అది అయిపోయిందంటే ఆ రోజుకు అంతే.

రెండు వంటలు పెట్టుకోకండి, రెండు రోజులకే విసుగొస్తుంది. తోటకూర పప్పు, కోడిగుడ్డు పులుసు, పచ్చిపులుసు, అన్నం అందరికీ ఒక్కటే. తేడా కంచంలో రావాలి. ఆమె కంచంలో అన్నం ఎక్కువ, పైన నెయ్యి, చివర గడ్డపెరుగు, అరటిపండు. నాకు కాటాలో తూచిన 150 గ్రాముల అన్నం, కూర డబుల్, సాయంత్రానికి శనగ గుడాలు. పచ్చిపులుసు మన డైట్‌కు పెద్ద వరం. బెల్లం వేయకపోతే కేలరీలు నామమాత్రమే, నోటికేమో పండగ.

అసలు గండం రైలు కోసం ఎదురుచూసే గంటల్లోనే ఉంది. యాప్‌లో రైలు ఇంకా నాగ్‌పూర్ కూడా దాటలేదని చూస్తాం, ఊరికే వంటింట్లోకి పోతాం, సకినాల డబ్బా మూత తీస్తాం. ఆకలి కాదది, టెన్షన్. డబ్బాను అటక మీద పెట్టించండి, ఎక్కడానికి స్టూలు వేసుకోవాల్సి వస్తే సగం సార్లు మానేస్తాం. రైలు ఎప్పుడొచ్చినా మీ రాత్రి భోజనం ఎనిమిదింటికే అయిపోవాలి. వచ్చిన పిల్ల ఒక్కతే కూర్చుని తింటుంటే చూస్తూ నిలబడటం మన ఇళ్లలో కుదరదు, అందుకని రోజు లెక్కలో ఓ వంద కేలరీలు ముందే మిగుల్చుకోండి. గ్లాసు పల్చటి మజ్జిగ, రెండు జామ ముక్కలు పెట్టుకుని పక్కన కూర్చుంటే తోడు తిన్నట్టే ఉంటుంది.

అర్ధరాత్రి దిగినవాళ్లకు బగారన్నం, కోడికూర ప్రేమే కానీ, ఆ పిల్లకు కావాల్సింది నిద్ర. "అత్తమ్మా, పెరుగన్నం చాలు" అంటే అంతే పెట్టండి, బలవంతం వద్దు. పోటీ రోజున పరుగుకు మూడు గంటల ముందు కిలో బరువుకు రెండు గ్రాముల చొప్పున పిండిపదార్థం మంచి కొలత. 50 కిలోల అమ్మాయికి అది దాదాపు 350 గ్రాముల అన్నం. కారం, పప్పు, పీచు తక్కువ, అంతకుముందు ఎప్పుడూ తినని కొత్త వంట అసలే వద్దు. జలుబంటే ఇంట్లో ఉన్న మాత్ర చేతిలో పెట్టేయకండి. కొన్నింట్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజు మోతాదు దాటితే డోపింగ్ కిందికి వస్తుంది, అత్తమ్మ ఇచ్చిందంటే ఎవరూ వినరు.

ఇంకోటి, ఆమె ముందు మీ కేలరీల ముచ్చట తీయకండి. "ఎంత సన్నగా ఉన్నావే, నాకూ చెప్పు" అని కూడా అనొద్దు. పరిగెత్తే ఆడపిల్లలు అవసరమైనదానికంటే తక్కువ తింటే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీని మీద హెచ్చరించింది. మీ తూకం కాటా కూరగాయల బుట్ట వెనక ఉండనివ్వండి, ఆమె రాకముందే మీ కంచం కొలిచేసుకోండి. బరువు చూసుకునే మిషన్‌ను మంచం కిందికి తోసేయండి. మీకూ ఆ వారం దాంతో పని లేదు, నిద్ర తక్కువై ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి అంకె పెరుగుతుంది. ఆమె తిరుగు రైలెక్కిన మూడో రోజు పొద్దున, పరగడుపున బయటికి తీయండి.