డెవన్ తీరంలో ఆవిరి రైలు యాత్ర: వరంగల్ వారికి మార్గసూచి

కాజీపేట జంక్షన్‌లో ఒకనాటి బొగ్గు ఇంజన్లను చూసిన పెద్దలు ఇంట్లో ఉంటే, ఇంగ్లండ్ నైరుతి తీరంలోని డెవన్‌కు వారిని తప్పక వెంటబెట్టుకుని వెళ్లండి. చలికాలంలో ఆవిరి రైళ్లు చాలా రోజులు నడవవు కనుక, మే నుంచి సెప్టెంబరు లోపు ప్రయాణం పెట్టుకోవడం మేలు. వీసా పని ముందే ముగించుకుని శంషాబాద్ నుంచి లండన్ చేరుకోవాలి.

లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో, ఆవిరి రైలు బయలుదేరే ఊరైన పేంటన్ వైపు వెళ్లే రైలెక్కి, ప్రయాణ దిశకు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఎక్సెటర్ దాటాక నదీముఖం వెంట సాగిన పట్టాలు డాలిష్ వద్ద సముద్రపు గోడ మీదికే చేరుతాయి. పోటుకు గాలి తోడైతే అలల తుంపర అద్దాలను తడుపుతుంది. 2014 ఫిబ్రవరి తుపానుకు ఈ గోడ కొంత మేర కూలి పట్టాలు గాలిలో వేలాడగా, ఏప్రిల్‌లో గానీ రైళ్లు తిరిగి నడవలేదు.

పేంటన్ నుంచి కింగ్స్‌వేర్ వరకు సుమారు 11 కిలోమీటర్లు సాగే ఆవిరి రైలుకు మామూలు రైలు టికెట్ చెల్లదు, వేరుగా కొనుక్కోవాలి. మొదట ఎడమవైపు సముద్రం, సొరంగం దాటాక కుడివైపు డార్ట్ నది కనిపిస్తాయి. చర్స్టన్ వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ దమ్ము పట్టి లాగే చప్పుడు వినడానికి ముందు పెట్టెలో కూర్చోవడమే సరైనది, అయితే కిటికీ తెరిస్తే బొగ్గు నలుసులు కంట్లో పడతాయని పిల్లలకు చెప్పండి. కింగ్స్‌వేర్‌లో ఇంజన్‌ను విడదీసి రెండో కొసకు తగిలించే పనిని తీరికగా చూసి, పడవలో డార్ట్‌మౌత్‌కు దాటండి. రైలే రాని స్టేషన్ భవనం అక్కడ ఉంది. తిరుగు రైలు చివరి వేళను ఉదయమే రాసిపెట్టుకోండి.