పాటలు, వీడియోల కోసం హార్డ్ డిస్క్ కొంటున్నారా? ఒక్కటే కొనకండి

పోయిన ఆదివారం మామయ్య ఫోన్ చేశాడు. గొంతు పెగల్లేదు. మా తాతయ్య పద్యనాటకాలు ఆడేవారు. ఊళ్లలో వేదికల మీద ఆయన పాడిన పద్యాలు నలభై క్యాసెట్లలో ఉండేవి. మామయ్య రెండేళ్లు కూర్చుని, ఒక్కొక్కటీ వింటూ అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. చోటు చాలడం లేదని వాటిని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి మార్చి, కంప్యూటర్‌లో ఉన్నవి తీసేశాడు. బూజు పట్టాయని క్యాసెట్లను పాత సామాన్ల బండికి వేసేశాడు. డిస్క్‌ను టీవీకి పెట్టి వింటుంటే, మనవడి కాలికి వైరు తగిలి అది కింద పడింది. పడింది రెండడుగుల ఎత్తు నుంచే. ఇప్పుడు పెడితే టక్ టక్ మనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

లెక్క వేసి చూశాను. 90 నిమిషాల క్యాసెట్లు నలభై అంటే 60 గంటలు. సీడీ నాణ్యతతో, కుదించకుండా దాచినా గంటకు సుమారు 635 ఎంబీ. మొత్తం కలిపి 40 జీబీకి లోపే. ఏ సొరుగులోనో పడి ఉండే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో రెండో కాపీ పట్టేసేది.

దసరా ఆఫర్లు దగ్గరపడుతున్నాయి, చాలామంది ఇప్పుడే కొంటారు. ఏ కంపెనీ, ఏ రంగు అన్నది మీరే చూసుకోగలరు. నాకు భయమంతా ఒక్క తప్పు గురించే. "బ్యాకప్ తీశాను" అంటారు. ఏం చేశారని అడిగితే ఫోన్‌లోవి డిస్క్‌లో వేసి, ఫోన్‌లో డిలీట్ చేశానంటారు. అంటే ముందు ఒక కాపీ ఉంది, ఇప్పుడూ ఒకటే ఉంది. ఉన్న చోటు మారిందంతే. బీరువాలో కొత్త డిస్క్ ఉందన్న ధైర్యంతో మనుషులు అసలువి పారేస్తారు. అక్కడే మునిగిపోతారు.

కొనేటప్పుడు

4 టీబీది ఒకటి కొనాలనుకుంటే ఆగి, 2 టీబీవి రెండు చూడండి. ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. నిజానికి చాలా ఇళ్లకు అంత చోటు కూడా అక్కర్లేదు. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) నాణ్యత ఉన్న ఎంపీ3 పాట అయిదు నిమిషాలకు 12 ఎంబీ. 1 టీబీలో అలాంటివి ఎనభై వేల దాకా పడతాయి. చోటు తినేది వీడియోనే. పెళ్లివాళ్లు కెమెరాలో తీసిన 4కే ఫుటేజీ సెకనుకు 100 మెగాబిట్లతో ఉంటే గంటకు 45 జీబీ.

మామూలు హార్డ్ డిస్క్ లోపల పళ్లెం లాంటి డిస్క్ నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటుంది, చదివే ముల్లు దానికి తగలకుండా వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంటుంది. తిరుగుతున్నప్పుడు పడితే ముల్లు పళ్లేన్ని గీరేయొచ్చు. చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేవేమీ లేవు కాబట్టి దెబ్బ తట్టుకుంటుంది. ప్రయాణాలకు, పిల్లలున్న ఇంటికి అదే మేలు. కానీ ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంచితే అందులోని డేటా చెదిరిపోవచ్చు. దాచడానికి హార్డ్ డిస్క్, వాడుకోవడానికి ఎస్‌ఎస్‌డీ అన్నది నా పద్ధతి.

"16 టీబీ రెండు వేలకే" అన్న ప్రకటన కనబడితే కొనకండి. అలాంటి వాటిలో చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు అబద్ధపు సైజు చూపిస్తారు. ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిస్తే పాట రాదు. కొత్తది ఏది కొన్నా ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపించి పరీక్షించండి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనబడితే కంగారు పడకండి. అది లెక్కించే పద్ధతిలో తేడా, మోసం కాదు.

వాడే ముందు

విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ పద్ధతిలో ఉన్న డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది కానీ మామూలుగా అందులో రాయలేదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఇదంతా డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి, ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది.

ఇక మిగతావి వరసగా చెప్తాను.

- కట్-పేస్ట్ వద్దు. కాపీ చేయండి, నాలుగైదు ఫైళ్లు మధ్యలోంచి తెరిచి చూడండి, రెండో డిస్క్‌లోనూ కాపీ చేయండి. ఆ తర్వాతే డిలీట్ సంగతి.
- టీవీ "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే ఒప్పుకోకండి. రికార్డింగ్ కోసం డిస్క్‌నంతా చెరిపేసే టీవీలున్నాయి.
- టీవీకి, కారుకు పెన్‌డ్రైవ్ పెట్టండి. పాటలు పోయినా మళ్లీ వేసుకోవచ్చు. అసలు డిస్క్ అక్కడికి పోకూడదు.
- తిరుగుతున్న డిస్క్‌ను కదపకండి. ఎజెక్ట్ చేసి, చప్పుడు ఆగాక తీయండి.
- ఉరుములు మొదలైతే అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ ప్లగ్ తీసేయండి.
- రెండు కాపీలూ ఒకే బీరువాలో పెట్టొద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగినప్పుడు, కింది అరలో ఉన్నది ఒకటైనా రెండైనా నీళ్లలోకే పోయేది. రెండోది అమ్మావాళ్లింట్లో పెట్టండి, లేదా అక్క అమెరికా వెళ్తుంటే ఇచ్చి పంపండి.
- కాపీ అయ్యాక కంప్యూటర్ నుంచి డిస్క్ తీసేయండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా లాక్ చేస్తుంది.
- వారంటీ డిస్క్‌కే. లోపలి పాటకు కాదు. కొత్త డిస్క్ ఇస్తారు, తాతయ్య గొంతు ఇవ్వరు.
- పాస్‌వర్డ్ పెడితే కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి చెప్పండి.
- ఆరునెలలకోసారి రెండు డిస్కులూ పెట్టి, తెరిచి వినండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో పసుపు రంగు "కాషన్" కనిపిస్తే ఆ రోజే కొత్తది కొని కాపీ చేయండి.
- టక్ టక్ మంటే వెంటనే తీసేయండి. మళ్లీ పెట్టి చూడకండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. మూత విప్పకండి. పెట్టిన ప్రతిసారీ పళ్లెం ఇంకాస్త గీసుకుపోవచ్చు. నేరుగా డేటా రికవరీ ల్యాబ్‌కు తీసుకెళ్లండి.
- పెళ్లి వీడియో వాళ్లు డిస్క్ ఇచ్చిన రోజే రెండో కాపీ చేయండి. వాళ్ల దగ్గర ఎప్పటికీ ఉంటుందనుకోకండి.
- మళ్లీ చెప్తున్నా, కట్-పేస్ట్ వద్దు.
- ఇంట్లో క్యాసెట్లు, వీహెచ్ఎస్ టేపులు ఉంటే, రెండు చోట్ల రెండు కాపీలు పెట్టి, రెండూ మొదటినుంచి చివరిదాకా విన్నాక కూడా వాటిని పారేయకండి. ఒక అట్టపెట్టెలో సర్ది, పైన పేరు రాసి, తడి తగలని చోట పెట్టండి.