పిల్లలతో రోల్‌ప్లే గేమ్ ఎలా మొదలుపెట్టాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే గేమ్ 1974లో వచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెప్తారు, అవుతుందో లేదో తెలీనప్పుడు పాచిక తేలుస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఇంతే చాలు, దయచేసి రూల్స్ పుస్తకం ముందు పెట్టకండి.

మామూలు పాచిక ఇచ్చి, నాలుగు లేదా పైన పడితే పని అయినట్టే అనండి. పాత్రకి ఒక పేరు, బాగా వచ్చిన పని ఒకటి, ఒక భయం. "తలుపు వెనక ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తావ్?" అని అడిగి ఆగండి. నిజంగా ఆగండి, మీరే జవాబు అందిస్తే అది మీ కథ అయిపోతుంది, వాళ్లది కాదు. పాచిక తక్కువ పడితే "కుదరలేదు" అని ఆపేయొద్దు, తలుపు తెరుచుకుంది కానీ లోపలిది నిద్ర లేచింది అనండి, అప్పుడు చూడండి వాళ్ల మొహాలు! గంటలోపు ముగించండి.

టీనేజర్లకి ఇరవై ముఖాల పాచిక, లెవెల్స్ (ఆడేకొద్దీ పాత్ర బలం పెరిగే మెట్లు), క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) కావాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్ నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. కథలో ఏం వద్దో ముందే అడగండి, ఒకరికి రక్తం పడదు, ఇంకొకరికి సాలీళ్లంటే టెన్షన్. కొన్ని ఆటలయ్యాక కథ నడిపే పని వాళ్లకే ఇచ్చి, మీరు ఓ పాత్ర తీసుకోండి.