ఐటీ మొత్తం ఒక్కరే చూసే చోట సర్వర్లు మార్చడం ఎలా

సర్వర్లు మార్చడానికి యాజమాన్యం సరే అనగానే మనసు కొటేషన్ల మీదికి పోతుంది. ఎన్ని టెరాబైట్లు, ఎన్ని కోర్లు, ఏ కంపెనీ అని లెక్కలు మొదలవుతాయి. వాటికంటే ముందు తేలాల్సింది ఒకటుంది: ఏ పని ఆగితే ఎంతసేపు ఓర్చుకోగలం? నలభై మంది ఉన్న మా సంస్థలో ఐటీ అంతా నేనొక్కదాన్నే చూస్తాను. అయినా ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్పను. అకౌంట్స్ వాళ్లను, గోడౌన్ వాళ్లను, యజమానిని కూర్చోబెట్టి వాళ్ల చేతే చెప్పిస్తాను. బిల్లింగ్ రెండు గంటలు ఆగితే సరుకు కదలదు. ఫైల్ సర్వర్ సగం రోజు లేకపోయినా సర్దుకుంటారు. హాజరు సాఫ్ట్‌వేర్ మర్నాటికి వచ్చినా ఇబ్బంది లేదు. ఎంత పని పోతే మళ్లీ చేసుకోగలరన్నదీ అప్పుడే అడగాలి: చివరి పావుగంటలో కొట్టిన ఎంట్రీలా, పొద్దుటి నుంచి కొట్టినవన్నీనా? ఈ జవాబులు కాగితం మీద రాయించి యజమాని సంతకం తీసుకోండి. తర్వాత కొనే ప్రతి వస్తువుకూ కారణం ఆ కాగితమే చెబుతుంది.

ఇక కొలతలు. స్టోరేజీ ఎంత పెరుగుతోందో ఊహించనక్కర్లేదు, బ్యాకప్ లాగ్‌లో ఏడాది చరిత్ర ఉంటుంది. నిరుడు ఇదే నెల ఫుల్ బ్యాకప్ చదివిన డేటా ఎంత, ఇప్పుడు ఎంత అని చూడండి. కుదించాక మిగిలిన సైజు కాదు, మూలంలో చదివిన సైజే తీసుకోవాలి. ఉదాహరణకు 2.1 టెరాబైట్లు 2.6 అయిందనుకుందాం. ఏటా అర టెరాబైట్ చొప్పున ఐదేళ్లకు 5.1. డిస్కుల మీద ఫైళ్లను సర్దిపెట్టే జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌ను 80 శాతం దాటి నింపకూడదు, కాబట్టి వాడుకోదగిన చోటు 6.4 దాకా కావాలి. 3.84 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీలు నాలుగు తీసుకుని జతలోని రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండేలా రెండు మిర్రర్ జతలుగా పెడితే 7.68 వస్తుంది, సరిపోతుంది. అదే లాగ్‌లో రోజువారీ ఇంక్రిమెంటల్ (మారినంత మేరకే తీసే బ్యాకప్) సైజులు కూడా చూడండి. రోజుకు ఎంత డేటా మారుతోందో వాటిలో తెలుస్తుంది. బ్యాకప్ పెట్టె ఎంత పెద్దది కావాలో, రెప్లికేషన్‌కు, అంటే ఒక సర్వర్‌లోని మార్పులను ఇంకోదానికి పంపుతూ ఉండడానికి, ఎంత లైను పడుతుందో తేల్చేది ఆ అంకే.

వేగం సంగతి నెలాఖరున, అందరూ ఒకేసారి పనిలో ఉన్నప్పుడు కొలవాలి. విండోస్‌లో పర్ఫార్మెన్స్ మానిటర్, లినక్స్‌లో ఐవోస్టాట్ చాలు. డిస్కు జవాబివ్వడానికి పట్టే సమయం అదేపనిగా 20 మిల్లీసెకన్లు దాటుతుంటే ఇబ్బంది డిస్కుదే. చిన్న సంస్థల్లో ప్రాసెసర్ చాలావరకు ఖాళీగానే ఉంటుంది, చాలనిది మెమరీ, లేదంటే డిస్కు. ఇది కొలవకుండా ఎక్కువ కోర్లు కొనడం డబ్బు పారబోయడమే.

పెద్ద హార్డ్ డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి) పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఒక చిన్న రాతకు అక్కడ నాలుగు డిస్కు పనులు అవుతాయి, మిర్రర్లో రెండే. అసలు భయం రీబిల్డ్ దగ్గర, అంటే పోయిన డిస్కు బదులు పెట్టిన కొత్తదానిలో డేటాను తిరిగి నింపే దగ్గర ఉంది. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో కోటి కోట్ల బిట్లకు, అంటే సుమారు 12.5 టెరాబైట్లకు, ఒక చదవలేని సెక్టార్ రావచ్చని తయారీదారులే రాస్తారు. ఒక డిస్కు పోయాక మిగిలినవన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి, సరిగ్గా అప్పుడే మనకు ఆసరాగా ఇంకో డిస్కు ఉండదు. హార్డ్ డిస్కులే వాడాల్సి వస్తే రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 గానీ మిర్రర్లు గానీ పెట్టండి. ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత పడేలా రాసే ఎస్‌ఎంఆర్ రకం డిస్కులను రెయిడ్ దరిదాపుల్లోకి రానివ్వకండి, వాటి రీబిల్డ్ రోజుల తరబడి సాగుతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే కరెంటు పోయినా చేతిలో ఉన్న రాతను పూర్తిచేసే కెపాసిటర్లు ఉన్న సర్వర్ రకమే తీసుకోవాలి. డేటాబేస్ నడిపేవాళ్లు ఈ ఒక్క విషయంలో పొదుపు చూడకూడదు.

రెండు హోస్టులు (వర్చువల్ మెషిన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లను, నడిపే సర్వర్లు), రెండు స్విచ్‌లు, వాటన్నిటి కింద ఒకే ఒక్క స్టోరేజీ పెట్టె: అమ్మేవాళ్లు ఎక్కువగా గీసే బొమ్మ ఇది. పైన అన్నీ జంటలే, బరువంతా మాత్రం ఆ ఒక్క పెట్టె మీద. దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) పాడైతే రెండు హోస్టులూ ఉత్త చేతులతో నిలబడతాయి. నా ఎంపిక రెండు మామూలు సర్వర్లు, ఎవరి డిస్కులు వారికి, మధ్యలో రెప్లికేషన్. ఏ ఒక్కటి పోయినా మొత్తం వర్చువల్ మెషిన్లు రెండోదానిలో నడిచేంత మెమరీ రెండింటిలోనూ ఉండాలి. మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి రెప్లికా 30 సెకన్లకు, 5 నిమిషాలకు, లేదా 15 నిమిషాలకు ఒకసారి మార్పులను పంపగలదు. ఏది పెట్టాలో ఆ సంతకం కాగితం చూసి తేల్చుకోండి. ఒక సర్వర్ పోగానే రెండోది దానంతటదే అందుకునే ఏర్పాటు నేను పెట్టను. రెండే హోస్టులున్నప్పుడు ఎవరు బతికున్నారో తేల్చడానికి మూడో ఓటు కావాలి, అది సరిగ్గా లేకపోతే ఒకే మెషిన్ రెండుచోట్లా లేచి డేటా చీలిపోవచ్చు. పది నిమిషాల్లో చేత్తో లేపుకోవడం ఒక్క మనిషికి అంతకంటే క్షేమం.

హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఎంపికలో వీఎంవేర్ వైపు చూసే పాత అలవాటు ఇప్పుడు పనికిరాదు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగింది, అంతా చందా పద్ధతే. వీఎంవేర్ వారి వీస్ఫియర్ 7 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 2న ముగిసింది. హైపర్-వి విండోస్ సర్వర్‌తోనే వస్తుంది. లినక్స్ రకమైన డెబియన్, లినక్స్‌లోని హైపర్‌వైజర్ అయిన కేవీఎంల మీద కట్టిన ప్రాక్స్‌మాక్స్‌ను ఉచితంగా వాడుకోవచ్చు, మద్దతు కావాలంటే చందా కట్టాలి. దేన్ని ఎంచుకున్నా విండోస్ లైసెన్సు లెక్క మారదు: స్టాండర్డ్ ఎడిషన్‌కు సర్వర్‌కు కనీసం 16 కోర్లకు కట్టాలి, దానితో రెండు విండోస్ వర్చువల్ మెషిన్లు నడపవచ్చు. ఆపదలో అన్నీ ఒకే హోస్టు మీదికి చేరతాయి కనుక రెండు హోస్టులకూ ఆ లెక్కన లైసెన్సులు చూసుకోవాలి. అందుకే 16 కోర్ల ప్రాసెసర్ ఒక్కటి ఉన్న సర్వర్ మాలాంటి సంస్థలకు చక్కగా అమరుతుంది.

తరలింపుకు ముందు సమయం లెక్కకట్టండి. ఒక గిగాబిట్ లైనులో సెకనుకు 110 మెగాబైట్లకు మించి ఆశించలేం, 2.6 టెరాబైట్లు దాటడానికి ఆరున్నర గంటలు పడుతుంది. పాత, కొత్త సర్వర్ల మధ్య నేరుగా పది గిగాబిట్ కేబుల్ వేస్తే స్విచ్ కొనకుండానే ఆ సమయం బాగా తగ్గుతుంది, అప్పుడు హద్దు పాత డిస్కుల వేగమే. స్నాప్‌షాట్లు (మెషిన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచినవి) ఉంటే ముందే తీసేయాలి. కేవీఎం వైపు వెళ్తుంటే విండోస్ మెషిన్లలో కేవీఎం డిస్కును గుర్తించే వర్టియో డ్రైవర్లు బయల్దేరకముందే వేయండి, లేకపోతే అక్కడ బూట్ డిస్కే కనిపించకపోవచ్చు. మొదట హాజరు సాఫ్ట్‌వేర్, వారం ఆగి ఫైల్ సర్వర్, అన్నిటి తర్వాత బిల్లింగ్. అందరి లాగిన్లూ చూసే డొమైన్ కంట్రోలర్‌ను మోసుకెళ్లకండి, కొత్త హోస్టు మీద కొత్తది కట్టి జతచేసి, ఆ తర్వాత పాతదాన్ని విరమింపజేయడం శుభ్రమైన పద్ధతి.

పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ నడిచేది వర్చువల్ మెషిన్‌లో అయితే హోస్టులు పడిపోయినప్పుడు పేర్లు పనిచేయవు. అందుకని ఒక అట్టముక్కకు కాగితం అంటించి ర్యాక్ తలుపు లోపల తగిలించాను. రెండు హోస్టుల ఐపీ అడ్రసులు, రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టుల అడ్రసులు, లేపాల్సిన వరుస దాని మీద ఉన్నాయి: డొమైన్ కంట్రోలర్, డేటాబేస్, బిల్లింగ్, మిగతావి. పాస్‌వర్డ్లు సీలు వేసిన కవరులో యజమాని బీరువాలో ఉంటాయి. నేను పక్కన నోరు మెదపకుండా నిలబడి, అకౌంట్స్ అబ్బాయి చేత ఆ కాగితం చూసి మొత్తం ఆపించి మళ్లీ లేపించాను. అతను తడబడిన ప్రతిచోటా కాగితం తిరగరాశాను.

రెప్లికేషన్ బ్యాకప్ కాదు, తప్పుగా చెరిపేసిన ఫైలు అవతలివైపూ అంతే శ్రద్ధగా చెరిగిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఊరికి దూరంగా అన్న పాత పద్ధతిని పాటించండి. బ్యాకప్ సర్వర్‌ను మాత్రం డొమైన్‌లో చేర్చకండి. డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కితే రాన్సమ్‌వేర్ మొదట వెతికేది బ్యాకప్‌నే.

పాత సర్వర్‌ను నెల రోజులు నెట్‌వర్క్ కేబుల్ పీకి అలాగే ఉంచండి. తర్వాత డిస్కులు తుడిచి రీస్టోర్ పరీక్షలకు వాడుకోవచ్చు. మూడు నెలలకోసారి బిల్లింగ్ మెషిన్‌ను బ్యాకప్ నుంచి దాని మీద లేపి, అకౌంట్స్ వాళ్లతో నిన్నటి చివరి బిల్లు తెరిపించండి. ఎంతసేపు పట్టిందో యజమాని సంతకం చేసిన కాగితం మీదే, ఆయన ఒప్పుకున్న గంటల పక్కన రాసిపెట్టండి.