ఊరి పార్కులో ఆరు హోల్‌ల డిస్క్ గోల్ఫ్ ఎలా ఆడాలి?

విజయనగరంలో సాయంత్రమైతే ఎక్కడ కాస్త ఖాళీ కనిపించినా అక్కడ మూడు పుల్లలు నిలబడతాయి. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ ఊరు కదా, ఆ ఇష్టం సహజమే. కానీ పార్కులో చెట్లు గుబురుగా ఉన్న వైపుకు క్రికెట్ రాదు. బంతికి చెట్లు అడ్డం. డిస్క్ గోల్ఫ్‌కు ఆ చెట్లే ఆస్తి. అందుకే నాకు ఈ ఆట మన ఊళ్ల పార్కుల కోసమే పుట్టిందనిపిస్తుంది.

నిజానికి ఇప్పటి రూపంలో పుట్టింది అమెరికాలో. గోల్ఫ్‌లో కర్ర, బంతి, గుంత ఉన్నట్టు ఇక్కడ మన చెయ్యి, ఒక ప్లాస్టిక్ డిస్క్, గొలుసులు వేలాడే ఒక ఇనుప బుట్ట ఉంటాయి. మొదలు గీత దగ్గర నుంచి విసరాలి. ఆ గీత నుంచి బుట్ట దాకా ఉన్న దారే ఒక హోల్, అలాంటి కొన్ని హోల్‌లు కలిస్తే ఒక కోర్సు. పడిన చోట నుంచి మళ్లీ విసరాలి. బుట్టలో పడేసరికి ఎన్ని విసుర్లయ్యాయో అదే ఆ హోల్‌కు మన లెక్క. లెక్క ఎవరిది తక్కువైతే వారిదే గెలుపు. 1975లో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు వేశాడు. అంతకుముందు ఆడినవాళ్లకు చెట్లు, దీపస్తంభాలే గురి. కాబట్టి బుట్టలు లేవని మనం ఆగనక్కర్లేదు.

ముందు డిస్క్

బొమ్మల దుకాణంలో దొరికే పెద్ద, పలచని పళ్లెం గాలికి కొట్టుకుపోతుంది. గోల్ఫ్ డిస్క్ దానికంటే చిన్నది, అడ్డంగా సుమారు 21 సెంటీమీటర్లు ఉంటుంది. అంచు మందంగా, బరువుగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. దగ్గరి విసురుకు పుటర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, ఎక్కువ దూరానికి డ్రైవర్ అని ప్రధానంగా మూడు రకాలు ఉంటాయి. కొత్తవాళ్లు 150 నుంచి 170 గ్రాముల మధ్య ఉన్న పుటర్ ఒక్కటే కొనుక్కోండి, చాలు. దూరం వెళ్తుందని డ్రైవర్ కొనకండి. దాని అంచు పదునుగా ఉంటుంది. బలమైన విసురు లేకపోతే సగం దారిలోనే పక్కకు వాలిపోతుంది. పైగా పదిమంది తిరిగే చోట అది ఎవరికైనా తగిలితే గాయమవుతుంది. ఊరి పార్కులో డ్రైవర్ వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కోర్సు వేసుకోవడం

ఒక రోజు డిస్క్ లేకుండా, కాగితం, పెన్సిలు పట్టుకుని పార్కంతా తిరగండి. తోటమాలితోనో కాపలాదారుతోనో ముందే ఒక మాట చెప్పండి. తర్వాత ఆరు చెట్లు ఎంచుకోండి. ఒక్కో చెట్టుకు 35 నుంచి 60 అంగల దూరంలో రెండు రాళ్లు పెట్టి మొదలు గీత అనుకోండి. పెద్దవాళ్ల అంగ ముప్పావు మీటరు అనుకుంటే అది 26 నుంచి 45 మీటర్లు. మొదటి హోల్‌కు అడ్డేమీ ఉండకూడదు. మూడోదానికో నాలుగోదానికో మధ్యలో ఒక కానుగ చెట్టు ఉంటే పక్కగా తిప్పి విసరడం అలవాటవుతుంది.

గురి చెట్టుకు రెండు ఎర్ర గుడ్డ పీలికలు కట్టండి, మోకాలి ఎత్తున ఒకటి, భుజం ఎత్తున ఒకటి. ఆ రెండింటి మధ్య మానుకు డిస్క్ తగిలితే హోల్ పూర్తయినట్టు. మేకులు కొట్టవద్దు, ఆట అయ్యాక పీలికలు విప్పేయండి.

కొత్తగా కోర్సు వేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక్క చోటే: గురి దాకా ఖాళీ ఉందో లేదో చూస్తారు గానీ గురి వెనక ఏముందో చూడరు. తప్పిన డిస్క్ చెట్టు దాటి నేలమీద జారుతూ చాలా దూరం పోతుంది. అందుకే చెట్టు వెనక కనీసం 20 అంగలు ఖాళీగా ఉండాలి. ఆ వైపు ఉయ్యాలలు, బెంచీలు ఉండకూడదు. నడక దారిని దాటి విసిరే హోల్ అసలే వద్దు.

పట్టు, విసురు

కుడిచేతివాటం వారికి చెబుతాను, ఎడమచేతివాటం వారు తిరగేసి చదువుకోండి. కుడి భుజం గురి వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడండి. బొటనవేలు డిస్క్ పైన, మిగతా నాలుగు వేళ్లు కింద లోపలి అంచును పట్టుకుని ఉండాలి. మన దగ్గర ఉక్కపోతకు అరచెయ్యి చెమరుస్తుంది, డిస్క్ జారిపోతుంది. ప్రతి విసురుకూ ముందు తువ్వాలుతో చేతినీ అంచునూ తుడుచుకోండి.

ఇప్పుడు డిస్క్‌ను ఎడమ వైపుకు తీసుకెళ్లి, ఛాతీ ఎత్తున తిన్నని గీతలో ముందుకు లాగండి. జనరేటర్ తాడు లాగేటప్పుడు మోచెయ్యి ముందు కదిలి చెయ్యి వెనకాల వస్తుంది చూశారా, అదే కదలిక. చివర్లో మణికట్టు తడి తువ్వాలు జాడించినట్టు విదిలించాలి. డిస్క్‌కు సుడి అక్కడి నుంచే వస్తుంది. సుడి చాలకపోతే గాలిలో వణుకుతుంది. బలం పెంచితే వణుకు తగ్గదు, విదిలింపు సరిచేసుకుంటేనే తగ్గుతుంది.

డిస్క్ పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, ఎడమకు కూలుతోందంటే ముందంచు ఆకాశాన్ని చూస్తోందన్నమాట. చెంబుతో నీళ్లు వంచేటప్పటిలా మణికట్టును కొంచెం దించితే అది సమంగా వెళ్తుంది. సమంగా వెళ్లినా వేగం తగ్గాక ఎడమకే వాలుతుంది, అది దాని స్వభావం. కాబట్టి గురికి కాస్త కుడిగా విసరండి.

సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది. ఎదురుగాలిలో డిస్క్ పైకి లేచి కుడికి తిరగాలని చూస్తుంది, వెనకగాలిలో తొందరగా దిగిపోతుంది. నేర్చుకునేవాళ్లకు గాలి పడి ఉండే తెల్లవారుజామే మంచిది.

ఆడే పద్ధతి

నలుగురికి మించకుండా ఆడండి. ప్రతి హోల్‌కు పార్ 3 అనుకోండి, అంటే మూడు విసుర్లలో ముగిస్తే సరైన లెక్క అన్నమాట. మొదటి విసుర్లు అయ్యాక గురికి ఎవరి డిస్క్ దూరంగా ఉంటే వాళ్లే ముందు విసరాలి. డిస్క్ పడిన చోట దాని ముందు ఒక సీసా మూత పెట్టి, డిస్క్ తీసుకుని, మూతకు సరిగ్గా వెనక కాలు ఉంచి విసరాలి. గురికి 10 మీటర్ల లోపల ఉంటే విసిరాక కూడా తూలి ముందుకు అడుగు వేయకూడదు, నిలకడ చూపించాకే కదలాలి. పూలమడులు, నడక దారి, నీళ్లు హద్దు బయట అని ముందే అనుకోండి. అక్కడ పడితే లెక్కకు ఒకటి కలుపుకుని, హద్దు దాటిన చోటికి మీటరు లోపల నుంచి ఆడాలి. ఒక హోల్‌లో తక్కువ లెక్క వచ్చినవారు తర్వాతి హోల్‌లో ముందు విసరాలి.

ఎవరైనా నడుస్తూ వస్తుంటే ఆగాలి. పూర్తిగా దాటిపోయేదాకా ఆగాలి. చెయ్యి జారి డిస్క్ జనం వైపు పోతే గొంతెత్తి "జాగ్రత్త!" అని అరవాలి. పార్కు మొదట ఆ జనానిది, తర్వాతే మనది.

దగ్గర విసురు

ఆట గెలిచేది ఇక్కడే. దూరం విసరడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, 40 మీటర్ల హోల్‌లో ఎంత బాగా విసిరినా దాదాపు ప్రతిసారీ ఐదారు మీటర్ల విసురు ఒకటి మిగులుతుంది. అది తగిలితే 2, తప్పి చెట్టు దాటి పోతే 4. చిన్న కోర్సు అంటే తక్కువ రకం కోర్సు కాదు, ఆటలోని అసలు భాగాన్ని పదేపదే ఆడించే కోర్సు.

ఒక ఉదయం మేము ఆడుతుంటే రోజూ నడకకు వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఆగి, "ఏమిటి బాబూ ఈ పళ్లేలు?" అని అడిగారు. "మాస్టారూ, మీరూ ఒకటి విసరండి" అని ఇచ్చాం. మొదటి విసురు పాతిక అంగలైనా పోలేదు. రెండోది చెట్టు ముందు పడింది. మూడోదానికి ఆయన చెట్టుకు ఎదురుగా నిలబడి, కుడికాలు ముందుకు పెట్టి, పిల్లవాడికి పుస్తకం అందించినంత నెమ్మదిగా డిస్క్‌ను వదిలారు. అది రెండు పీలికల నడుమ మానుకు టప్పున తగిలి, చెట్టు వేళ్ల దగ్గరే పడింది. ఆయన లెక్క 3. ఆ హోల్‌లో మా ముగ్గురికీ 4.

మీరూ అలాగే సాధన చేయండి. గురికి ఎదురుగా, 5 మీటర్ల నుంచి, బరువు వెనక కాలి నుంచి ముందు కాలి మీదకు మారుతుండగా చెయ్యి చాచి వదలండి. చూపు మాను మొత్తం మీద కాదు, బెరడులో ఒక్క పగులు మీద నిలపండి. రోజుకు 20 విసుర్లు. పదింటికి ఏడు తగిలేదాకా వెనక్కి జరగకండి.

చేతి నిలకడ వచ్చాక ఆరో హోల్‌లో చెట్టుకు బదులు ముక్కాలిపీట మీద ఒక వెదురు గంప పెట్టుకోండి. గంపలో డిస్క్ పడి ఆగాలంటే పక్కనుంచి బలంగా కొడితే కుదరదు, కొంచెం పైనుంచి మెత్తగా దిగాలి. మాస్టారు ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తున్నారు. గంప ఆయనే తెచ్చారు.