కొత్త ఫోన్‌లో తెరుచుకోని పాత మెసేజ్‌లు

నాన్న మందుల చీటీలు, షుగర్ రీడింగ్‌లు అన్నీ ఎలిమెంట్ అనే మెసేజింగ్ యాప్‌లో నా ఒక్కడి కోసం పెట్టుకున్న చాట్ రూమ్‌లోనే దాచుకుంటాను. మొన్న మలక్‌పేటలో వానకు ఫోన్ నీళ్లలో పడి చచ్చిపోయింది. కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే ఒక్క పాత మెసేజ్ తెరుచుకోలేదు. మర్నాడే డాక్టర్ అపాయింట్‌మెంట్. టెన్షన్ మామూలుగా లేదు.

యాప్ తీసేసి మళ్లీ వేశాను, లాభం లేదు. ఎలిమెంట్ వాడే మేట్రిక్స్ అనే మెసేజింగ్ పద్ధతిలో ఎన్‌క్రిప్టెడ్ మెసేజ్‌లు, అంటే వేరేవాళ్లు చదవలేకుండా మార్చినవి, సర్వర్‌లో తాళం వేసే ఉంటాయి. తాళంచెవులు మన ఫోన్‌లో, లాప్‌టాప్‌లో ఉంటాయి. పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే చాలదు.

అదృష్టంకొద్దీ ఇంట్లో లాప్‌టాప్‌లో ఎలిమెంట్ నుంచి లాగౌట్ కాలేదు. అయ్యుంటే ఆ తాళంచెవులు కూడా పోయేవి. కొత్త ఫోన్ కూడా నాదేనని నిరూపించడానికి అందులో వెరిఫై నొక్కగానే రెండు తెరల మీదా ఏడు బొమ్మలు వచ్చాయి. అక్క లాప్‌టాప్ చూస్తూ "ఏరా, ఏనుగు, గొడుగు, గంట... అవేనా?" అని చదువుతుంటే నేను సరిచూశాను. తర్వాత లాప్‌టాప్‌లో ఎలిమెంట్ సెట్టింగ్స్‌లో కీ బ్యాకప్, అంటే ఆ తాళంచెవుల నకలు సర్వర్‌లో భద్రంగా దాచే సదుపాయం, ఆన్ చేశాను. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. అది నాలుగేసి అక్షరాల చొప్పున 12 ముక్కలుగా, ఆ నకలును తెరిచే రికవరీ కీ ఇచ్చింది. ఫోన్‌లో కొడితే మొదట తప్పన్నది. ఒకచోట చిన్న అక్షరం బదులు పెద్దక్షరం కొట్టాను. సరిచేయగానే చీటీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

ఆ కీ ఇప్పుడు డైరీలో ఒకటి, అక్క బీరువాలో ఒకటి ఉంది.